నడుము నొప్పిని అదుపులో పెట్టుకుందాం – 3వ పాఠం: తుంటి దగ్గర వంగడం

మొదటి పాఠంలో నొప్పి ఎప్పుడు పెరుగుతోందో, దేనితో తగ్గుతోందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోమన్నాను. రెండో పాఠంలో నడక మొదలుపెట్టాం. ఇప్పుడు ఆ పుస్తకం తెరిచి చూడండి. కుళాయి దగ్గర బిందె ఎత్తినప్పుడు, ఇల్లు ఊడ్చినప్పుడు, మనవణ్ణి చంకనేసుకున్నప్పుడు అని రాసి ఉంటే, మీ నొప్పికీ వంగడానికీ లంకె ఉన్నట్టే. ఈ పాఠమంతా దాని గురించే.

12 వారాలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అన్నాళ్లు బాధపడ్డాక చాలామంది వంగడమే మానేస్తారు. 'నడ్డి మళ్లీ పట్టేస్తుందేమో' అన్న భయం. ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను, పడ్డవాళ్లకే తెలుస్తుంది. కానీ కదలిక తగ్గేకొద్దీ కండరాలు బలహీనపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఆపైన చిన్న పనికే నొప్పి లేస్తుంది. వంగడం మీకు శత్రువు కాదు. నొప్పి ఉన్న రోజుల్లో ఆ భారం నడుము ఒక్కదాని మీదే పడకుండా తుంటికీ తొడలకీ పంచాలి, అంతే.

నేర్చుకోవడానికి ఒక గోడ చాలు. వీపు గోడ వైపు ఉండేలా, గోడకు జానెడు దూరంలో నిలబడండి. పాదాల మధ్య తుంటి వెడల్పంత ఎడం ఉండాలి. మోకాళ్లు బిగించకుండా కాస్త వదులుగా ఉంచండి. రెండు అరచేతులూ గజ్జల దగ్గర, తొడ మొదలయ్యే మడతలో పెట్టండి. ఇప్పుడు ముందుకు వంగాలని చూడొద్దు. రెండు చేతుల్లో గిన్నెలున్నప్పుడు తలుపును పిరుదులతో వెనక్కి నెడతాం కదా, అలా పిరుదులను గోడ వైపు నెట్టండి. ఒళ్లు దానంతటదే ముందుకొస్తుంది. పిరుదులు గోడకు తగలగానే ఆగి, పాదాలను నేలకు అదిమి, పిరుదులు బిగించి లేవండి. సులువుగా వస్తోందంటే ఇంకో రెండు మూడు అంగుళాలు ముందుకు జరిగి మళ్లీ చేయండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఒక కర్ర చెబుతుంది. దాన్ని వీపు వెంబడి నిలువుగా పెట్టి పట్టుకోండి. తల వెనక, వీపు మధ్య, తోక ఎముక, ఈ మూడు చోట్లా తగలాలి. వంగుతుంటే ఏ ఒక్క చోటైనా కర్ర వదిలేసిందంటే అక్కడిదాకానే మీ హద్దు. ఈ వారం అంతవరకే వంగండి. తొడల వెనక లాగినట్టు ఉంటే మంచిదే. నడుములో లాగితే మోకాళ్లు బిగిసి ఉన్నాయేమో చూసుకోండి, ఎక్కువసార్లు కారణం అదే. ఉదయం 8 సార్లు, సాయంత్రం 8 సార్లు చాలు. నిద్ర లేచిన వెంటనే మాత్రం వద్దు. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల్లో నీరు చేరి అవి ఉబ్బి ఉంటాయి, అందుకే పొద్దున్నే వంగితే బిగుతుగా ఉంటుంది. ఓ అరగంట ఇంట్లో అటూ ఇటూ తిరిగాక చేయండి.

కదలిక అలవాటయ్యాకే బరువు. ముందు ఖాళీ బకెట్, తర్వాత సగం నీళ్లు. బిందె ఎత్తేటప్పుడు దాన్ని పాదాల దగ్గరకు లాక్కుని, ఒంటికి ఆనించుకుని, ఊపిరి వదులుతూ లేవండి. పక్కకు తిరగాలంటే నడుము మెలితిప్పకుండా పాదాలతోనే తిరగండి. నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు ఉంటుంది. నొప్పి ఉన్నవాళ్లు దాన్ని ఎత్తొద్దు, ఇంట్లో ఇంకొకరిని పిలవండి. ఇది బలహీనత అనుకోకండి.

బరంపురంలో పట్టు నేసే మనవాళ్లకు ఒక మాట. గుంట మగ్గం మీద కూర్చున్నవాళ్లు గంటల తరబడి ముందుకు వంగే ఉంటారు. అక్కడ ఎలా కూర్చున్నామన్నదాని కంటే ఎంతసేపు కదలకుండా కూర్చున్నామన్నదే ముఖ్యం. నాడెలో కండె మార్చే ప్రతిసారీ చేతులు నడుముకు ఆనించి ఒక్కసారి వెనక్కి వాలండి. గంటకోసారి గుంటలోంచి లేచి నాలుగడుగులు వేయండి. పర్లాకిమిడి, గుణుపురం వైపు నాట్లు వేసేవాళ్లూ అంతే, వరస చివరికి రాగానే నిటారుగా నిలబడి వెనక్కి వాలాలి. మేస్త్రి తొందరపెడతాడని తెలుసు. అయినా ఆ పది సెకన్లు మీవి.

ఇక కైరోప్రాక్టిక్. దాని గురించి చాలామందికి సందేహాలున్నాయి. మన ఊళ్లలో నడుము పడితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించడం పాత అలవాటు. కైరోప్రాక్టర్ చేసేది అది కాదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ముందు పరీక్ష చేసి, ఏ కీలు బిగుసుకుందో చూసి, అక్కడ చేత్తో చిన్నగా, వేగంగా ఒత్తిడి ఇస్తారు. టప్‌మని వచ్చే శబ్దం కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగ వల్ల వచ్చేది. ఎముక జారి మళ్లీ చోటుకు వచ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామంతో పాటు ఇలాంటి వెన్ను చికిత్సనూ ఒక మార్గంగా చేర్చింది. నడుం బెల్టులనూ, నడుమును సాగదీసి లాగే ట్రాక్షన్‌నూ మామూలుగా వాడొద్దంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చికిత్స తర్వాత నొప్పి తగ్గి, ఒళ్లు తేలికైన రోజులే ఈ పాఠం సాధన చేయడానికి మంచి రోజులు. ఆ రోజుల్ని పడుకుని గడిపేస్తే డబ్బు వృథా.

మన దేశంలో కైరోప్రాక్టర్లకు డాక్టర్లకున్నట్టు ప్రత్యేక కౌన్సిల్ లేదు. అందుకే విశాఖో భువనేశ్వరో వెళ్లే ముందు అడగండి: ఎక్కడ, ఎన్నేళ్లు చదివారు? నాకు ఇంట్లో ఏ వ్యాయామాలు ఇస్తారు? ఎన్నిసార్లకు గుణం కనబడకపోతే ఆపేద్దాం? పరీక్ష చేయకుండానే చెయ్యి వేసేవాళ్ల దగ్గరా, నెలల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమనేవాళ్ల దగ్గరా ఆగొద్దు. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ చికిత్స చేయించుకోకూడదు. నొప్పి నడుములో ఉంటే మెడ తిప్పించుకోవాల్సిన పని లేదు. మెడ దగ్గర అరుదుగానైనా రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది.

ఇవి కనిపిస్తే మాత్రం వ్యాయామం వద్దు, కైరోప్రాక్టర్ వద్దు, నేరుగా ఆసుపత్రికి: మూత్రం, విరేచనం పట్టు తప్పడం లేదా మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలు బలం తగ్గడం. ఇలాంటప్పుడు గంటలు కూడా లెక్కే. బరంపురం చుట్టుపక్కల వాళ్లు ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లొచ్చు. నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే వెన్నెముక టీబీ కావచ్చు. మందులతో నయమయ్యే జబ్బే, ఆలస్యం చేయకండి. కింద పడ్డాక మొదలైన నొప్పినీ, గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ల నొప్పినీ ముందు డాక్టరే చూడాలి.

ఈ వారం పని: రోజూ రెండు పూటలా గోడ దగ్గర సాధన, పుస్తకంలో రెండు మాటలు. కర్ర ఎక్కడిదాకా తగిలింది? మర్నాడు నొప్పి ఎలా ఉంది? కాస్త నొప్పి పెరిగి మర్నాటికి సర్దుకుంటే కొనసాగించండి. మర్నాటికీ తగ్గకపోతే సగానికి తగ్గించండి. 4వ పాఠంలో పడక గురించి, నులక మంచం మీద పడుకునేవాళ్లు దిండు ఎక్కడ పెట్టుకోవాలో చూద్దాం.