భిన్నాలు కూడటం ఎలా? హారం దగ్గర తడబడకుండా

1/2కి 1/3 కలిపితే ఎంత అంటే చాలామంది పైవి పైన, కిందవి కింద కలిపేసి 2/5 అనేస్తారు. ఒక్క క్షణం ఆగి చూడండి, 2/5 అంటే సగం కూడా కాదు. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా?

చిక్కంతా హారం దగ్గరే. కింద ఉండే హారం ఒక మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో చెబుతుంది, పైన ఉండే లవం వాటిలో ఎన్ని తీసుకున్నామో చెబుతుంది. అంటే మనం లెక్కపెట్టేది లవాన్నే, హారం ఆ ముక్క ఎంత సైజుదో చెప్పడానికే ఉంది, కాబట్టి దాన్ని కూడకూడదు.

1. ముందు హారాలు చూడండి. రెండూ ఒకటే అయితే పని తేలిక: 2/7 + 3/7 = 5/7. అంతే.

2. హారాలు వేరైతే రెండింటికీ పనికొచ్చే ఉమ్మడి హారం కావాలి. ఒక హారం రెండోదాన్ని శేషం లేకుండా భాగిస్తే పెద్దదే ఉమ్మడి హారం. 1/4 + 3/8లో 8 సరిపోతుంది. లేదంటే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు హారాలతోనూ భాగించబడే అతి చిన్న సంఖ్య) తీయాలి. పేరు వినగానే టెన్షన్ పడక్కర్లేదు, పెద్ద హారం ఎక్కం చదువుతూ పోయి చిన్న హారంతో భాగించబడే మొదటి సంఖ్య దగ్గర ఆగండి. 5/6 + 3/8 తీసుకుంటే 8, 16, 24... 24 ఆరుతో పోతుంది, అదే క.సా.గు.

3. ఇప్పుడు భిన్నాలను మార్చండి. 6ని 24 చేయడానికి 4తో గుణించాం కదా, పైన ఉన్న 5ని కూడా 4తో గుణిస్తే 20/24. అలాగే 3/8ని పైనా కిందా 3తో గుణిస్తే 9/24. కింద మార్చేసి పైన అలాగే వదిలేయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. పైనా కిందా ఒకే సంఖ్యతో గుణిస్తేనే విలువ మారదు, ఎందుకంటే 4/4 అన్నా 3/3 అన్నా 1తో గుణించినట్టే.

4. లవాలు కూడండి: 20 + 9 = 29, జవాబు 29/24. లవం పెద్దది కాబట్టి 1 పూర్తిగా తీసేస్తే 5/24 మిగులుతుంది, అంటే 1 5/24. సరిగ్గా వచ్చిందా? 5/6 దాదాపు ఒకటి, 3/8 సగానికి కొంచెం తక్కువ, కాబట్టి జవాబు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉండాలి. ఉంది.

హారాలు రెండూ గుణించేస్తే సరిపోదా అంటే, సరిపోతుంది, కాకపోతే అంకెలు పెరిగిపోతాయి. 7/12 + 5/18కి 12ను 18తో గుణిస్తే హారం 216, జవాబు 186/216, దాన్ని మళ్లీ 6తో కొట్టేసి 31/36కి రావాలి. క.సా.గు. అయిన 36ని ముందే పట్టుకుంటే 21/36 + 10/36, ఒక్క లైన్లో పని అయిపోతుంది. నా ఓటు దీనికే.

మిశ్రమ భిన్నాలైతే పూర్ణ సంఖ్యలు విడిగా, భిన్నాలు విడిగా కూడండి. 2¾ + 1⅔లో 2 + 1 = 3, 9/12 + 8/12 = 17/12. ఈ 17/12లో ఒక ఒకటి దాగి ఉంది, దాన్ని 3కి కలిపితే 4 5/12.