మామిడిలో పండు ఈగ: కాయను, ఎర బుట్టను చూసి సమస్యను గుర్తించడం

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో ఉన్న మన తెలుగు రైతుల మామిడి తోటల్లో సువర్ణరేఖ కోతకు వచ్చే నాటికి పండు ఈగ కనిపించడం మొదలవుతుంది. తొలకరి తర్వాత కోసే ఆలస్యపు రకాల్లోనూ, జామలోనూ దాని ఉద్ధృతి మరింత పెరుగుతుంది. కాయ పాడైందనగానే మందుల కొట్టుకు పరుగెత్తకుండా, ముందు కాయను కోసి చూడాలి.

కాయపై సూదిపోటు వంటి చుక్క, దాని చుట్టూ మెత్తదనం

పక్వానికి వస్తున్న కాయ తొక్కను ఆడ ఈగ గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. ఆ చోట నొక్కితే రసం కారుతుంది. కోస్తే గుజ్జులో కాళ్లు లేని, తల విడిగా కనిపించని తెల్లని పురుగులు ఉంటాయి. బాగా ఎదిగిన పురుగును అరచేతిలో వేసుకుంటే విల్లులా వంగి ఎగిరి పడుతుంది. అలా గెంతితే అది పండు ఈగ పిల్ల పురుగేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. టెంక లోపల గోధుమరంగు తల గల పురుగు ఉంటే అది టెంక పురుగు. లేత కాయ కొన వైపు రంధ్రం, దాని దగ్గర విసర్జితాలు, లోపల ఎరుపు, తెలుపు పట్టీల గొంగళి ఉంటే అది కాయతొలుచు పురుగు. ఈ రెండింటికీ పండు ఈగ ఎర (మగ ఈగలను వాసనతో బుట్టలోకి రప్పించే మందు) ఏమాత్రం పనికిరాదు.

అనుమానం తీరకపోతే, ఆ కాయలను ఇసుక పరచిన డబ్బాలో ఉంచి పలుచని గుడ్డ కట్టండి. పురుగులు ఇసుకలోకి దిగి కోశస్థ దశకు (ఈగగా మారే ముందు గూడులో కదలకుండా ఉండే దశకు) చేరతాయి, రెండు మూడు వారాల్లో ఈగలు బయటికి వస్తాయి. పుట్టిన వెంటనే రంగు లేతగా ఉంటుంది కనుక, ఒకటి రెండు రోజులు ఆగి పరీక్షించాలి.

బుట్టలో పడిన ఈగ ఏది?

రెక్క ముందంచు పొడవునా సన్నని నల్లగీత, పొట్టపై ఇంగ్లిషు టీ అక్షరం వంటి నల్లగుర్తు ఉంటే అది బాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే పండు ఈగ జాతి. ఎర్రగోధుమ రంగు ఒళ్లు, ఆ గీత రెక్క పొడవునా ఉండకుండా కొసన మచ్చ మాత్రమే ఉంటే అది బాక్ట్రోసెరా జొనాటా జాతి. రెక్క కొసన అలాంటి మచ్చే ఉండి, వీపు నల్లగా ఉంటే బాక్ట్రోసెరా కరెక్టా జాతి కావచ్చు. ఈ మూడింటి మగ ఈగలనూ మిథైల్ యూజినాల్ అనే వాసన ఎర ఆకర్షిస్తుంది. వంశధార ఒడ్డున బీర, కాకర వంటి పాదు పంటలను పాడుచేసే ఈగ వేరు. దానికి క్యూ లూర్ అనే మరో ఎర కావాలి.

బుట్ట ఖాళీ, కాయలకు మాత్రం నష్టం

ముందుగా అనుమానించవలసింది ఎరనే. ఎండ నేరుగా తగిలే చోట కట్టిన ఎర దిమ్మె (ఎర మందులో నానబెట్టిన చెక్క ముక్క) త్వరగా వాసన కోల్పోతుంది. చచ్చిన ఈగలను చీమలు మోసుకుపోతే లెక్క తప్పుతుంది కాబట్టి, వేలాడదీసిన తీగకు గ్రీజు పూయాలి. ఆల్కహాల్, మిథైల్ యూజినాల్, మలాథియాన్ అనే పురుగుమందు 6:4:1 పాళ్లలో కలిపి, చిన్న ప్లైవుడ్ ముక్కను రెండు మూడు రోజులు అందులో నానబెట్టి, మనిషి ఎత్తున నీడ పడే కొమ్మకు కట్టాలి. చేతికి తొడుగు తప్పనిసరి. వారానికోసారి ఈగలను లెక్కపెట్టి తీసివేస్తేనే సంఖ్య పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది.

బుట్ట నిండుతున్నా నష్టం తగ్గడం లేదు

ఇది రైతులను ఎక్కువగా నిరుత్సాహపరిచే పరిస్థితి. బుట్టలో పడేవి మగ ఈగలు మాత్రమే. పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ మన తోటకు వచ్చి గుడ్లు పెడితే బుట్ట దాన్ని ఆపలేదు. కాబట్టి చుట్టుపక్కల తోటల వాళ్లంతా ఒకే సమయంలో బుట్టలు కట్టడం అవసరం. అంతకంటే ముఖ్యమైనది రాలిన కాయలను రోజూ ఏరడం. కాయలోని పురుగు నేలలోకి దిగి మట్టిలోనే కోశస్థ దశ గడుపుతుంది కనుక, ఏరిన కాయలను గట్టు మీద పారేస్తే మరో తరాన్ని మనమే పెంచినట్టవుతుంది. వాటిని మందపాటి పాలిథిన్ సంచిలో మూతి బిగించి ఎండలో ఉంచాలి, లేదా రెండడుగుల లోతున పూడ్చి మట్టిని గట్టిగా తొక్కాలి. కోత పూర్తయ్యాక చెట్ల కింద మట్టిని తిరగవేస్తే కోశాలు ఎండకు, పక్షులకు దొరుకుతాయి.

చెట్టున బాగున్న కాయ మాగేటప్పుడు కుళ్లడం

కోసే నాటికే లోపల గుడ్లు ఉన్నాయన్నమాట. చెట్టున పండనీయకుండా, ముదిరిన పచ్చికాయగానే కోయాలి. దూరపు మార్కెట్‌కు పంపేవాళ్లు, సౌకర్యం ఉంటే, 48 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో గంటసేపు ఉంచే పద్ధతిని వాడవచ్చు; వేడి అంతకు మించితే కాయ రంగు, రుచి దెబ్బతింటాయి.