వానాకాలం రేసులకు ముందు గుర్రం కాళ్లు తడమండి

మలక్‌పేటలో వానాకాలం రేసులు దగ్గరపడ్డాయి. లాయంలో కొత్తగా చేరిన సయీసులకూ (గుర్రాలను చూసుకునేవాళ్లకూ), తెల్లవారుజామున గుర్రాలను ట్రాక్ మీదికి తీసుకెళ్లే కుర్రాళ్లకూ నేను మొదట చెప్పేది ఒక్కటే. చూసింది చూసినట్టు ట్రైనర్‌కు చెప్పండి. తిడతాడేమోనని దాచకండి.

రోజూ జీను వేయకముందే ముందుకాళ్లు రెండూ తడమాలి. మోకాలి కింద గుర్రానికి కండ ఉండదు. ఎముక, దాని వెనక తాడులాంటి నరం (టెండన్), పైన చర్మం, అంతే. 450, 500 కిలోల ఒళ్లు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక్కో క్షణం ఆ బరువంతా ఒక్క కాలి మీదే ఉంటుంది. ఆ నరం వెంబడి చేయి పైనుంచి కిందికి మెల్లగా పోనివ్వండి. రెండో కాలితో పోల్చండి. వెచ్చగా తగిలినా, నొక్కినప్పుడు కాలు లాక్కున్నా ఆ పూట గ్యాలప్ (వేగంగా పరుగెత్తించడం) వద్దు, డాక్టర్‌ను పిలవాలి.

ఓసారి మా కుర్రాడొకడు "ఎడమ కాలు నిన్నటికన్నా వెచ్చగా ఉంది సార్" అన్నాడు. నా చేతికి తేడా తెలియలేదు. అయినా వాడి మాట మీద గుర్రాన్ని ఆపేశాం. సాయంత్రానికి వాపు బయటపడింది. రోజూ తడిమే చేతికే ఆ తేడా తెలుస్తుంది.

నొప్పి తగ్గుతుందని మీ అంతట మీరు ఏ మందూ పూయకండి, తాగించకండి. డోప్ పరీక్షలో పట్టుబడటం ఒక ముప్పయితే, నొప్పి తెలియని గుర్రం దెబ్బతిన్న కాలితోనే పరుగెత్తడం అంతకన్నా పెద్ద ముప్పు. జాకీ ప్రాణం కూడా ఆ కాలి మీదే ఉంటుంది.

తడి రోజుల్లో డెక్కలు రోజూ శుభ్రం చేసి, అడుగున నల్లగా చెడువాసన వస్తోందేమో చూడండి. పడక పొడిగా ఉంచండి. బూజు వాసన వచ్చే గడ్డి తొట్టిలో వేయకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది పడకపోతే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది.

జాకీలకు ఒక మాట. బరువు తగ్గాలని నీళ్లు మానేసి, ఆవిరి గదిలో కూర్చుని వచ్చి తడి ట్రాక్ మీద స్వారీ చేయకండి. కళ్లు తిరిగితే పగ్గాలు పట్టే చేయి నిలవదు. బురద రోజున గాగుల్స్ ఒకదాని మీద ఒకటి రెండు మూడు పెట్టుకోండి, పైది మురికైతే కిందికి లాగేయొచ్చు. పరుగు మొదలయ్యే గేట్ల దగ్గర జీను పట్టా ఇంకోసారి చూపించుకోండి. గేట్లకు వెళ్లే దారిలో గుర్రం నడక తేడాగా అనిపిస్తే అక్కడే డాక్టర్‌కు చెప్పండి. పోటీ నుంచి తప్పుకుంటే యజమాని నొచ్చుకుంటాడేమో, ఆయనతో మాట్లాడాల్సింది ట్రైనర్.

రేసు అయిన రాత్రి తొట్టి చూడండి. మేత మిగిలితే తెల్లారేదాకా ఆగకుండా ట్రైనర్‌కు ఫోన్ చేయండి.