ముడుచుకుపోయిన రెక్కలు: మా ఇంట్లో పనిచేసిన మార్పు

హనుమకొండలో మా పెరటి కల్యామాకు (కరివేపాకు) చెట్టు మీద దొరికిన గొంగళిపురుగులను పిల్లలతో కలిసి పెంచుతున్నప్పుడు, ప్యూపా (పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు) నుంచి బయటికి వచ్చిన సీతాకోకచిలుకల రెక్కలు విచ్చుకోక, తడిసిన కాగితంలా ముడతలు పడి ఉండిపోయేవి. ఆకులు మార్చడం, డబ్బాను నీడకు జరపడం, నీళ్లు చిలకరించడం, ఏదీ ఫలించలేదు.

లోపం డబ్బాలోనే ఉంది. రెక్కలు కిందికి వేలాడితేనే ఒంట్లోని ద్రవం వాటి ఈనెల్లోకి చేరి అవి పూర్తిగా సాగుతాయి. నున్నటి ప్లాస్టిక్ గోడ మీద కాళ్లు నిలవక సీతాకోకచిలుకలు జారి అడుగున పడేవి.

అందుకని పురుగు తినడం మానేసి, నీళ్లలాంటి మలం విసర్జించి, అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టగానే దానిని వెడల్పాటి బకెట్టులోకి మార్చాను. అడుగున పాత నూలు గుడ్డ పరిచి, గరుకైన రెండు పత్తికట్టెలను ఏటవాలుగా నిలిపి, పైన దోమతెర గుడ్డ కట్టాను. పురుగు ఒక కట్టెను ఎంచుకుని, నడుముకు సన్నని పట్టుదారం బిగించుకుని ప్యూపాగా మారింది. ఆ తరువాత కట్టెను ఎవరినీ కదపనివ్వలేదు. పిల్లలకు అన్నిటికంటే కష్టమైన నియమం అదే.

పదో రోజు ఉదయం, మా చిన్నది ఊపిరి బిగబట్టి చూస్తుండగా, సీతాకోకచిలుక కట్టె ఎక్కి వేలాడింది. పావుగంటలో రెక్కలు సాగాయి. రెండు గంటలు ఆరనిచ్చి, ఎండ వచ్చాక చెట్టు దగ్గరే వదిలాము.

తరువాత పెంచిన 5లో 4 బాగా ఎగిరాయి. ఒక ప్యూపా నల్లబడి, అందులోంచి చిన్న కందిరీగ వచ్చింది. ఆ కందిరీగ బెడదకు ఈ పద్ధతి మందు కాదు. జిల్లేడు మీది పురుగులు తలకిందులుగా వేలాడి ప్యూపా అవుతాయి కనుక వాటికి కట్టెకంటే పైగుడ్డే ముఖ్యం కావచ్చు. నేను ఇంకా ప్రయత్నించలేదు.