నెల్లూరు–ఆత్మకూరు బస్సుకు టైము దిద్దడం ఎలా?

నెల్లూరులో బయలుదేరి బుచ్చిరెడ్డిపాళెం (బుచ్చి), సంగం మీదుగా ఆత్మకూరు చేరే పల్లె వెలుగు బస్సు కోసం మధ్య ఊళ్ళలో ఎదురుచూసేవారికి బోర్డు మీద రాసిన టైము వేరు, బస్సు వచ్చే టైము వేరు అన్నది అలవాటైపోయిన సంగతి. దీనికి డ్రైవరును నిందించడం తేలిక. కానీ ఎప్పుడో లెక్కగట్టిన ప్రయాణ కాలం, ఇప్పటి రోడ్డుకూ రద్దీకీ సరిపోకపోవడమే చాలాసార్లు అసలు కారణం. బస్సులోని జీపీఎస్ పరికరం, కండక్టరు చేతిలోని టికెట్ యంత్రం ప్రతి ట్రిప్పునూ నమోదు చేస్తున్న ఈ రోజుల్లో ఆ టైమును ఊహతో కాక లెక్కతో దిద్దవచ్చు. ఆ పని ఏ వరుసలో చేయాలో ఈ మార్గాన్నే ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. ఇందులోని నిమిషాల అంకెలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవే గాని ఏ డిపో రికార్డులోవీ కావు.

ముందుగా డేటా ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకోవాలి. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బస్సులకు ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం, వాహనం ఎక్కడుందో తెలిపే పరికరం తప్పనిసరి అయింది. ఆ పరికరం కొన్ని సెకన్లకొకసారి బస్సు ఉన్న చోటునూ సమయాన్నీ పంపుతుంది. టికెట్ యంత్రంలో ప్రతి టికెట్టుకూ సమయం, స్టేజి (ఛార్జీ లెక్కకు పెట్టుకున్న స్టాపు) ఉంటాయి. అయితే రద్దీ ఉన్నప్పుడు బస్సు స్టాపు దాటి రెండు కిలోమీటర్లు పోయాక గాని కండక్టరు టికెట్లు కొట్టడం పూర్తి కాదు కాబట్టి ఆ సమయాన్ని బస్సు స్టాపుకు చేరిన సమయంగా తీసుకోకూడదు. ఏ స్టేజిలో ఎంతమంది ఎక్కారో తెలుసుకోవడానికి మాత్రం దానికి మించినది లేదు. బస్టాండు కంట్రోలరు రిజిస్టరు మూడవ ఆధారం. మిగిలిన రెండూ పొంతన కుదరనప్పుడు తగవు తీర్చేది అదే.

డేటా చేతికి వచ్చాక చేయవలసిన మొదటి పని గడియారాన్ని సరిచూడటం. జీపీఎస్ సమయం అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఉంటుంది కనుక దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను ఆ సంగతి మరచిపోయి, ఉదయం 7:30 బస్సు తెల్లవారుజామున 2 గంటలకు బుచ్చిలో ఏం చేస్తున్నదా అని ఒక పూటంతా తల పట్టుకున్నాను. రెండవ పని, ఏ బస్సు ఏ సర్వీసుకు వెళ్ళిందో జత కుదర్చడం. ఉదయం డిపోలో ఒక బస్సుకు బ్రేకు బాగాలేదని మరొకటి పంపితే చార్టులో పాత నంబరే ఉండిపోతుంది, ఆ రోజు ఆ సర్వీసు డేటా అంతా వేరే బస్సుదవుతుంది. మొత్తం పనిలో సగం కాలం ఈ శుభ్రం చేయడానికే పడుతుంది. విసుగు పుట్టినా ఇక్కడ తొందరపడితే తరువాతి లెక్కలన్నీ వృథా.

తరువాత ప్రతి స్టాపు చుట్టూ మ్యాపులో ఒక వలయం గీయాలి. బస్సు ఆ వలయంలోకి వచ్చిన మొదటి క్షణం రాకగా, వదిలిన చివరి క్షణం పోకగా లెక్కకు వస్తాయి. వలయం ఎంత ఉండాలన్నది జీపీఎస్ ఎన్ని సెకన్లకొకసారి పలుకుతుందన్న దానిని బట్టి ఉంటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సెకనుకు 10 మీటర్లు కదులుతుంది కాబట్టి 30 సెకన్లకొకసారి పలికే పరికరమైతే రెండు నమోదుల మధ్య బస్సు 300 మీటర్లు దాటిపోతుంది. 50 మీటర్ల వలయం గీస్తే ఎవరూ ఎక్కని స్టాపులు డేటాలో చాలాసార్లు కనిపించవు. అలాంటి చోట అటూ ఇటూ ఉన్న రెండు నమోదుల మధ్య దూరాన్ని బట్టి సమయాన్ని అంచనా కట్టుకోవాలి. బస్టాండులో గుండ్రని వలయం పనికిరాదు, ప్రాంగణం గోడ వెంట గీత గీయాలి. బస్సు ఎటు పోతున్నదో కూడా చూడాలి. లేకపోతే ఆత్మకూరు నుంచి తిరిగి వస్తున్న బస్సు సంగం దాటడాన్ని వెళ్ళేటప్పటి రాకగా పొరబడతాం.

ఇప్పుడు బస్సు రోడ్డు మీద కదిలే రన్నింగ్ టైమునూ స్టాపుల్లో ఆగిన కాలాన్నీ విడదీయాలి. ఈ విభజన చాలామంది చేయరు, చేయకపోతే జబ్బు ఎక్కడుందో తెలియదు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై పల్లె వెలుగు బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఎక్కేవారి సంఖ్య పెరిగినచోట స్టాపులో ఆగే కాలమూ పెరుగుతుంది, రోడ్డు మీద వేగం మాత్రం మారదు. అందువల్ల ఆ తేదీకి ముందరి డేటాను తరువాతి డేటాతో కలిపి లెక్క కట్టకూడదు. అదే విధంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో వరికోతలప్పుడు ధాన్యం ట్రాక్టర్లూ కోత యంత్రాలూ రోడ్డెక్కితే రన్నింగ్ టైమే పెరుగుతుంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే నాళ్ళను పూర్తిగా పక్కన పెట్టాలి. వాటికి ఎలాగూ ప్రత్యేక ఏర్పాట్లు ఉంటాయి.

మిగిలిన రోజులను పనిదినాలు, ఆదివారాలుగానూ, ప్రతి రోజునూ గంటల వారీగానూ విడగొట్టి, ఒక్కొక్క గుంపులో కనీసం 20 ట్రిప్పులు ఉండేలా చూడాలి. బుచ్చి నుంచి సంగం వరకు ఉదయం 8 గంటల ట్రిప్పులు 20 తీసుకుని, పట్టిన నిమిషాలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చామనుకుందాం: 24, 24, 25, 25, 25, 26, 26, 26, 26, 27, 27, 27, 28, 28, 29, 29, 31, 34, 38, 52. వీటి సగటు దాదాపు 29. కానీ ఆ 52 నిమిషాల రోజు ఏ లారీయో అడ్డం తిరిగి ఉంటుంది, ఆ ఒక్క రోజే సగటును పైకి లాగింది. 10వ, 11వ స్థానాల్లో ఉన్న 27 మధ్యస్థం, అంటే వరుసలో సరిగ్గా నడిమి విలువ. 17వ స్థానంలోని 31కి అర్థం నూటికి 85 వంతుల ట్రిప్పులు ఆ లోపే చేరాయని. పాత టైంటేబుల్ ఈ దూరానికి 25 నిమిషాలిచ్చిందనుకుంటే, 20 ట్రిప్పుల్లో 5 మాత్రమే దాన్ని అందుకున్నాయి.

అలాగని 31 నిమిషాలు ఇచ్చేయడం కూడా పొరపాటే. అప్పుడు 16 ట్రిప్పులు ముందే చేరి, సంగంలో నిలబడి కాలం గడపాలి, లేదా టైముకు ముందే వెళ్ళిపోతాయి. పల్లె మార్గంలో ఆలస్యం కన్నా ముందుగా వెళ్ళిపోవడమే పెద్ద తప్పని నా అభిప్రాయం. ఆలస్యమైతే ప్రయాణికుడు పది నిమిషాలు నిలబడతాడు, ముందే వెళ్ళిపోతే తరువాతి బస్సు వచ్చేదాకా గంటసేపు చెట్టు కింద కూర్చుంటాడు. కాబట్టి మధ్య స్టాపులకు మధ్యస్థాన్ని అనుసరించి 27 ఇచ్చి, అదనపు నిమిషాలను మార్గం చివర ఆత్మకూరు బస్టాండులో హాల్టుగా పెట్టాలి. ఆ అదనాన్ని స్టాపుకూ స్టాపుకూ మధ్య ఉన్న ప్రతి ముక్కకూ 85 వంతుల లెక్క కట్టి కూడటం ద్వారా రాబట్టకూడదు, ఎందుకంటే అన్ని చోట్లా ఒకే రోజు అడ్డంకి రాదు. మొత్తం ట్రిప్పును ఒకటిగా తీసుకుని, దాని మధ్యస్థం 88, 85 వంతుల విలువ 97 అయితే, చివర 9 నిమిషాలు ఉంచితే చాలు. డ్రైవరు టీ తాగే విరామం దీనికి అదనం.

ఈ నిమిషాలు ఊరకే రావు. రానూపోనూ చుట్టుకు హాల్టుతో కలిపి 180 నిమిషాలు పట్టి, అరగంటకొక బస్సు నడపాలంటే 6 బస్సులు కావాలి. చుట్టు 198 నిమిషాలైతే 6 బస్సులతో 33 నిమిషాలకొకటి తప్ప నడపలేం. ఏడవ బస్సు తేవడమా, 33ను గుండ్రం చేసి 35 నిమిషాల ఎడంతో సరిపెట్టుకోవడమా, రద్దీ గంటల్లో మాత్రమే టైము పెంచి మధ్యాహ్నం పాతదే ఉంచడమా అన్నది డిపో మేనేజరు నిర్ణయించాలి. బస్సు దొరికే ఆశ లేనిచోట నేను మూడవదానికే మొగ్గుతాను. సిబ్బంది డ్యూటీ చార్టు కూడా మారుతుంది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటల పనినీ, 5 గంటలు దాటకముందే అరగంట విశ్రాంతినీ, విశ్రాంతితో కలిపి 12 గంటలకు మించని డ్యూటీ వ్యవధినీ నిర్దేశించేది; 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది. టైము పెంచినప్పుడు ఇప్పుడు అమల్లో ఉన్న హద్దులు దాటుతున్నాయేమో సరిచూడాలి.

కాగితం మీద అంతా కుదిరాక, ఆ మార్గంలో ఏళ్ళుగా తిరిగే డ్రైవర్లకూ కండక్టర్లకూ కొత్త టైములు చూపించాలి. డేటాలో ఒకచోట బస్సులన్నీ రోజూ నాలుగు నిమిషాలు ఆగుతున్నాయంటే అది బడిపిల్లల కోసమా, రోడ్డు మీది గుంత కోసమా అన్నది మ్యాపు చెప్పదు, వాళ్ళు చెబుతారు. ఒక నెల ప్రయోగంగా నడిపి, ప్రతి స్టాపులో టైముకు ముందు వెళ్ళకుండా, 5 నిమిషాలకు మించి ఆలస్యం కాకుండా నడిచిన ట్రిప్పులు నూటికి ఎన్నో పాత నెలతో పోల్చి చూడాలి.

కొత్త టైములను ఫోన్లలోని మ్యాపులకు పంపేటప్పుడు, అవి చదవగలిగేలా టైంటేబుళ్ళను రాసే జీటీఎఫ్ఎస్ అనే పద్ధతిలో రాయాలి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన ఈ పద్ధతిలో అర్ధరాత్రి దాటినా ఆ సర్వీసు రోజు మారదు. రాత్రి బయలుదేరిన దూరప్రాంతపు బస్సు తెల్లవారుజామున 1:30కి చేరితే 25:30:00 అని రాయాలి. కొత్త టైము అమలయ్యే రోజునే బస్టాండులోని పాత బోర్డును చెరిపించి, ఆ తేదీని డేటా దస్త్రంలోనూ రాసిపెట్టాలి. వచ్చే ఏడు మళ్ళీ లెక్క కట్టేవారికి ఏ నమోదు ఏ టైంటేబుల్ నాటిదో దానివల్లే తెలుస్తుంది.