గుడ్డు పెంకు పొరతో బూటులో కరెంటు

గుడ్డు పెంకు లోపల అంటుకుని ఉండే తెల్లటి పొర ప్రోటీన్ పోగుల అల్లిక. టెఫ్లాన్‌ను తాకినప్పుడు అది ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది, టెఫ్లాన్ పట్టేసుకుంటుంది. అడుగుకోసారి రెండూ తాకి విడిపోతుంటే వాటి వెనక ఉన్న ఫాయిల్‌కు కలిపిన తీగల్లో కరెంటు కదులుతుంది. ఎండిన పొర మడిస్తే పగులుతుంది కాబట్టి మోచేతి పట్టీ కన్నా బూటు మడమ మేలు.

ఆమ్లెట్ బండి దగ్గర సగానికి పగిలిన పెంకులు అడిగి తెచ్చుకోండి. సబ్బునీళ్లతో కడిగి, మునిగేదాకా వెనిగర్ పోసి ఒక రోజు ఉంచండి. బుడగలు ఆగినా పెంకు మిగిలితే వెనిగర్ మార్చండి. విడివడిన పొరను మంచినీళ్లలో మూడు నాలుగుసార్లు కడగాలి. వెనిగర్, సున్నం కలిసి పుట్టే లవణం పొరలో ఉండిపోతే తేమను పీలుస్తుంది, తేమ ఉంటే ఛార్జి నిలవదు. పాలిథిన్ కాగితం మీద ముడతల్లేకుండా పరిచి, పైన టిష్యూ కప్పి, బరువు పెట్టి ఆరబెట్టండి. మెత్తదనం కోసం గ్లిజరిన్ మాత్రం రాయకండి, అదీ తేమను లాగేదే.

గట్టి ప్లాస్టిక్ మూత నుంచి 5 సెం.మీ. చదరపు ముక్కలు రెండు కోయండి. అంచుల్లో 3 మి.మీ. వదిలి వంటింటి ఫాయిల్ అతికించండి. ఫాయిల్‌కు టంకం పట్టదు. తీగ కొసను వలిచి ఫాయిల్ మీద పెట్టి టేపుతో బిగించండి. ఒక ముక్క మీద ఫాయిల్ ఎక్కడా కనబడకుండా పలుచటి ఫెవికాల్‌తో పొరలు అతికించాలి. రెండోదానికి ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపును సాగదీయకుండా, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా చుట్టి, కొసలను వెనక అంటించండి. ఆ తర్వాత ఈ రెండు ముఖాలనూ వేలితో తాకకండి. ముఖాలు ఎదురెదురుగా ఉండేలా, నాలుగు మూలల్లో 3 మి.మీ. ఫోమ్ టేపు పెట్టి కలపండి.

1N4148 డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) నాలుగింటితో, అటూ ఇటూ మారే కరెంటును ఒకే దిక్కుకు తిప్పే బ్రిడ్జి కట్టి, ఎర్ర ఎల్‌ఈడీ కలిపి, చీకట్లో గట్టిగా తట్టండి. మిణుక్కుమంటుంది. మల్టీమీటర్ వోల్టేజీ అంకెను నమ్మకండి. మీటరే ఆ కాస్త ఛార్జినీ తాగేస్తుంది. ఫోన్ ఛార్జింగ్ ఆశ వద్దు: తట్టుకు 20 నానోకూలుంబ్‌ల ఛార్జి వస్తే, దాన్ని నిల్వ చేసే 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 2 వోల్టులకు చేరడానికి 100 తట్లు కావాలి. అదీ ఫిల్మ్ కెపాసిటర్ అయితేనే. ఎలక్ట్రోలిటిక్‌లో ఛార్జి కారిపోతుంది.

వెలగకపోతే ముందు తేమను అనుమానించండి, తర్వాత అణగిపోయిన ఫోమ్‌ను. పలకలను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు పాలిథిన్ సంచిలో సీలు చేశాకే బూటులో పెట్టండి. పొట్లం మడమ కింద పడకుండా పక్కకు ఉండాలి.