డైనో మీద బాగుండి స్టేజిలో మొరాయించే ర్యాలీ ఇంజను: లక్షణం, కారణం, పరిష్కారం

డైనో (ఇంజను శక్తిని కొలిచే యంత్రం) మీద నిలబెట్టిన ఇంజనుకు మలుపులు, గుంతలు, దుమ్ము ఏవీ ఉండవు. సంపులోని (ఇంజను అడుగున ఉండే తొట్టిలోని) ఆయిలు, ట్యాంకులోని పెట్రోలు కదలకుండా ఉంటాయి, ఎదురుగా పెద్ద ఫ్యాను గాలి కొడుతూనే ఉంటుంది, ఒక్కో పరుగు కొద్ది సెకన్లలో ముగిసిపోతుంది. అదే ఇంజను ఇరవై కిలోమీటర్ల కంకర స్టేజిలో (ర్యాలీలో సమయం లెక్కించే దారి భాగంలో) ఎగిరి పడుతూ, పక్కకు జారుతూ పరిగెత్తేటప్పుడు ఈ పరిస్థితులన్నీ మారిపోతాయి. కాబట్టి స్టేజిలో మాత్రమే బయటపడే లోపాన్ని వెతికేవారు, డైనో మీద ఎదురుకానిది ఇక్కడ ఇంజనుకు ఏం ఎదురైందో ముందుగా ఆలోచించాలి. స్టేజిల మధ్య కారును బాగుచేసే సర్వీసు పార్కులో సమయం తక్కువ గనుక ల్యాప్‌టాప్ తెరిచి మ్యాపు (పెట్రోలు, స్పార్క్ ఎప్పుడు ఎంత అన్నది ఇంజను కంప్యూటరైన ఈసీయూకు చెప్పే పట్టికలు) మార్చేయాలనిపించడం సహజమే. కానీ నిన్నటి వరకు సరిగా నడిచిన మ్యాపు దానంతట అది చెడిపోదు. ముందు యాంత్రిక స్థితిని, తరువాత పెట్రోలు, గాలి, స్పార్క్ సరఫరాను పరీక్షించి, అవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే మ్యాపు జోలికి వెళ్లాలి.

ఇందుకు డేటా లాగ్ (సెన్సర్ల అంకెల నమోదు) తప్పనిసరి. ఆయిల్ ప్రెషరు, పెట్రోలు ప్రెషరు, ల్యాంబ్డా (గాలికి, పెట్రోలుకు మధ్య నిష్పత్తిని చూపే అంకె), బూస్ట్ (టర్బో అదనంగా నెట్టే గాలి ప్రెషరు), ఇంజనులోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజి, మలుపులో కారును పక్కకు లాగే బలం, వీటన్నింటినీ ఒకే కాలరేఖ మీద చూడగలగాలి. ఆయిల్ ప్రెషరును సెకనుకు ఒక్కసారి మాత్రమే నమోదు చేసే లాగ్ వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే బేరింగును పాడుచేసే లోటు అంతకంటే తక్కువ సమయంలోనే వచ్చి పోవచ్చు.

లక్షణం: ఆయిల్ ప్రెషరు ఉన్నట్టుండి పడిపోవడం

ముందు అది ఎప్పుడు పడుతోందో చూడాలి. పొడవైన మలుపులో పడి, దారి తిన్నగా కాగానే తిరిగి లేస్తే, ఆయిలు సంపులో ఒక పక్కకు చేరిపోయి పికప్ పైపు గాలి పీలుస్తోందని అర్థం. మలుపుతో సంబంధం లేకుండా, ఆయిలు వేడెక్కిన కొద్దీ ప్రెషరు క్రమంగా తగ్గుతూ ఉంటే బేరింగుల సందు పెరిగి ఉండాలి, లేదా ఎక్కువైన ప్రెషరును వదిలే రిలీఫ్ వాల్వు పూర్తిగా మూసుకోకుండా ఉండాలి. తిన్నని దారిలో ఎక్కువసేపు ఎక్కువ ఆర్‌పీఎంలో నడిపినప్పుడే తగ్గితే, సిలిండర్ హెడ్‌లోకి ఎక్కిన ఆయిలు తగినంత వేగంగా కిందికి దిగడం లేదేమో చూడాలి. ఈ 3 కారణాలకూ పరిష్కారాలు వేరు కాబట్టి లాగ్ చూడకుండా చిక్కటి ఆయిలు పోసి ఊరుకోవడం లోపాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది.

మొదటి కారణానికి సంపులో అడ్డుగోడలు, ఒక వైపుకే తెరుచుకునే చిన్న తలుపులు అమర్చడం కనీస చికిత్స. ప్రెషరుతో ఆయిలును నిల్వ ఉంచి, లోటు వచ్చిన వెంటనే వదిలే అక్యుములేటరు కొన్ని సెకన్లపాటు ఇంజనును కాపాడగలదు. నియమాలు అనుమతిస్తే, ఆయిలును వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంపే శాశ్వతమైన మార్గం. అయితే ఇంతకంటే ముందు ఒక పని ఉంది: సంప్ గార్డు విప్పి సంపు అడుగు భాగాన్ని చేత్తో తడిమి చూడాలి. రాయి తగిలి అడుగు కాస్త లోపలికి నొక్కుకుపోయినా పికప్ పైపు మూతి దానికి దాదాపు అంటుకుపోయి, ఆయిలు నిండుగా ఉన్నా పంపుకు అందదు. గార్డు మీద పెద్ద సొట్ట లేనంత మాత్రాన సంపు క్షేమమని అనుకోకూడదు, ఎందుకంటే గార్డు దెబ్బ తగిలినప్పుడు వంగి, సంపును కొట్టి, మళ్లీ పాత స్థానానికి రాగలదు.

ప్రెషరు పడిన ఇంజనును తిరిగి స్టార్టు చేసే ముందు ఆయిల్ ఫిల్టరును కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి వెలుతురులో చూడాలి. అయస్కాంతానికి అంటుకునే రవ్వలు క్రాంకు, క్యామ్ వంటి ఉక్కు భాగాల నుంచి వచ్చినవి. అంటుకోకుండా బూడిద రంగులో లేదా రాగి రంగులో మెరిసే రేకులు బేరింగు పొరలవి. రాగి రంగు కనబడిందంటే పై పొర అరిగిపోయి కింది పొర బయటపడినట్టే కాబట్టి ఆ ఇంజనును విప్పక తప్పదు. తిరిగి కట్టేటప్పుడు 50 మి.మీ. జర్నలుకు (బేరింగులో తిరిగే క్రాంకు భాగానికి) సుమారు 0.05 మి.మీ. సందు సరైన ఆరంభం. ఈ కొలతను బేరింగు ముక్కలు పెట్టి, క్యాపును పూర్తి టార్కుతో బిగించిన తరువాతే తీసుకోవాలి. ప్రెషరు విషయంలో ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 0.7 బార్ ఉండాలన్న పాత లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

లక్షణం: ఎక్కువ ఆర్‌పీఎంలో మిస్సింగ్, ల్యాంబ్డా మాత్రం పెట్రోలు తక్కువని చూపడం

ఎక్కువ మంది దారి తప్పేది ఈ లక్షణం దగ్గరే. ల్యాంబ్డా సెన్సరు కొలిచేది పెట్రోలును కాదు, పొగలో మిగిలిన ఆక్సిజనును. ఒక సిలిండరు మండకపోతే అందులోని ఆక్సిజన్ అంతా ఖర్చు కాకుండానే బయటికి వస్తుంది కాబట్టి, పెట్రోలు సరిపడా ఉన్నా తక్కువైందనే సెన్సరు చెబుతుంది. ఆ మాట నమ్మి పెట్రోలు పెంచితే ప్లగ్గు తడిసి మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది, సెన్సరు ఇంకా తక్కువని చూపుతుంది. సెన్సరుకు ముందు భాగంలో ఎగ్జాస్టు జాయింటు లీకైనా ఇదే మోసం జరుగుతుంది.

నిజంగా పెట్రోలే తక్కువా అన్నది తేల్చడానికి ప్రెషరు లాగ్ చాలు. టర్బో ఇంజనులో ఇంజెక్టరుకు అటూ ఇటూ ఉండే ప్రెషరు తేడా మారకూడదు. మూలప్రెషరు 3 బార్ అయితే, 1.5 బార్ బూస్ట్ దగ్గర రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో) 4.5 బార్ ఉండాలి. అంత లేకపోతే ఫిల్టరు, పంపు, రెగ్యులేటరుకు వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ గొట్టం వరుసగా చూడాలి. ప్రెషరు సరిగా ఉండి, ఇంజెక్టర్లు తెరిచి ఉండే సమయం 85 శాతం దాటుతుంటే అవి ఆ ఇంజనుకు చిన్నవి. ట్యాంకు సగానికి తగ్గాక, అదీ ఒకే వైపు మలుపుల తరువాత మాత్రమే ప్రెషరు పడుతుంటే లోపం పంపుది కాదు, పెట్రోలు పక్కకు పోతోంది. మధ్యలో ఒక చిన్న సర్జ్ ట్యాంకు పెట్టి, ఒక పంపు దానిని ఎప్పుడూ నింపుతూ ఉండేలా, రెండవ పంపు దాని నుంచి రైలుకు పంపేలా చేస్తే ఇది తీరుతుంది.

పెట్రోలు నిర్దోషి అని తేలితే తరువాతి అనుమానం స్పార్క్ మీద. బూస్ట్ పెరిగిన కొద్దీ ప్లగ్గు సందులో స్పార్క్ దూకడం కష్టమవుతుంది కాబట్టి సందును 0.6 మి.మీ. దగ్గరికి తగ్గించి చూడాలి. పగలు బాగా నడిచిన కారు రాత్రి స్టేజిలో మాత్రమే మిస్ అవుతుంటే వోల్టేజి లాగ్ తెరవండి: ముందు అమర్చిన అదనపు దీపాలు వెలిగినప్పుడు వోల్టేజి తగ్గితే కాయిల్ పూర్తిగా చార్జి కాదు, పెట్రోలు పంపు కూడా నెమ్మదిస్తుంది. ఆల్టర్నేటరు, ఎర్తు తీగల జాయింట్లు, ఈసీయూలో వోల్టేజిని బట్టి కాయిల్ చార్జింగ్ సమయాన్ని సవరించే పట్టిక, ఈ మూడూ చూడాల్సినవి.

లోడుతో పెద్దగా సంబంధం లేకుండా ప్రతిసారీ ఒకే ఆర్‌పీఎం దగ్గర మిస్సింగ్ మొదలైతే వాల్వు స్ప్రింగులను అనుమానించాలి. 33 మి.మీ. ఇన్‌టేక్ వాల్వు వీపు మీద 1.5 బార్ బూస్ట్ దాదాపు 13 కిలోల బరువుతో సమానమైన బలంతో నెట్టుతుంది. బూస్ట్ పెంచి స్ప్రింగులు మార్చకపోతే వాల్వు సీటు మీద గట్టిగా కూర్చోలేదు. కొత్త స్ప్రింగులు వేసినప్పుడు వాల్వు పూర్తిగా తెరుచుకున్న స్థితిలో చుట్ల మధ్య ఇంకా సందు మిగులుతోందో లేదో తప్పక కొలవాలి.

లక్షణం: స్టేజి మొదట్లో లేని నాకింగ్ సగంలో మొదలవడం

నాకింగ్ అంటే సిలిండరులోని మిశ్రమం సాఫీగా మండకుండా అదుపు తప్పి పేలడం. దీనికి మూలం దాదాపు ఎప్పుడూ వేడే. చల్లటి ఇంటర్‌కూలరుతో చేసిన చిన్న చిన్న డైనో పరుగుల్లో కుదిరిన ఇగ్నిషన్ టైమింగు (స్పార్క్ ఎంత ముందుగా రావాలన్నది), టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు బాగా వేడెక్కిన తరువాత ఎక్కువవుతుంది. గాలి ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ టైమింగును వెనక్కి తగ్గించే సవరణ పట్టికను, ఇంజనును కావాలనే వేడెక్కించి డైనో మీద నింపుకోవాలి. పూర్తి బూస్ట్‌లో ల్యాంబ్డా 0.80 నుంచి 0.85 మధ్య ఉంచడం, ఒక మెట్టు చల్లని (వేడిని త్వరగా వదిలే) ప్లగ్గులు వాడడం రెండవ రక్షణ. యాంటీ లాగ్ (యాక్సిలరేటరు మీద కాలు తీసినా టర్బో వేగం పడనివ్వని ఏర్పాటు) వాడే కార్లలో టైమింగు బాగా వెనక్కి జరిపి మంటను ఎగ్జాస్టు మ్యానిఫోల్డులో కొనసాగనిస్తారు కాబట్టి టర్బో తిరుగుతూనే ఉంటుంది కానీ ఆ వేడి చుట్టుపక్కల అన్నింటికీ ఎక్కుతుంది. అది పనిచేసే వ్యవధికి, ఎగ్జాస్టు ఉష్ణోగ్రతకు ఈసీయూలో పరిమితి పెట్టకుండా నడపకూడదు.

నాక్ సెన్సరు చెప్పిందల్లా నాకింగ్ కాదు. గార్డుకు తగిలే రాళ్లు, చల్లగా ఉన్న ఫోర్జ్‌డ్ పిస్టన్ల చప్పుడు కూడా దానికి అలాగే వినిపించవచ్చు. ప్లగ్గు విప్పి భూతద్దంతో తెల్లటి పింగాణీ మీద చూస్తే, మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గాని, మెరిసే అల్యూమినియం రవ్వలు గాని ఉంటే నాకింగ్ నిజమే.

లక్షణం: పై ఆర్‌పీఎంలో బూస్ట్ పడిపోయి, శక్తి పెరగకపోవడం

రిస్ట్రిక్టరు (టర్బోకు వెళ్లే గాలిని పరిమితం చేసే సన్నటి మెడ) ఉన్న కారులో ఇది చాలాసార్లు లోపం కాదు. ర్యాలీ2 తరగతిలో అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ నిర్దేశించిన 32 మి.మీ. మెడలో గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక, టర్బో ఎంత లాగినా సెకనుకు సుమారు 0.19 కిలోల కంటే ఎక్కువ గాలి రాదు. ఆ పైన ఆర్‌పీఎం పెరిగితే బూస్ట్ తగ్గక తప్పదు. పాత బూస్ట్ లక్ష్యాన్నే పట్టుకుని వేస్ట్‌గేటును (ఎగ్జాస్టును టర్బో పక్కనుంచి వదిలే వాల్వును) మూసి ఉంచితే టర్బో అతివేగంతో తిరిగి పాడవుతుంది. బూస్ట్ లక్ష్యాన్ని ఆర్‌పీఎంతో పాటు తగ్గించి, మధ్య ఆర్‌పీఎంలో టార్కు పెంచుకుని, గేరు త్వరగా మార్చడమే తెలివైన పని. ఎత్తైన కొండ దారుల్లో బయటి గాలి ప్రెషరు తగ్గిన మేరకు ఈ పరిమితి కూడా కిందికి దిగుతుంది.

లక్షణం: ఆయిలు పొగ, ఆయిలు తగ్గిపోవడం

కంప్రెషను పరీక్షతో ఆగకుండా లీక్ డౌన్ పరీక్ష చేయాలి. సిలిండరులోకి గాలి నింపినప్పుడు ఆయిలు పోసే మూత దగ్గర బుసకొడితే రింగులు, సైలెన్సరులో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, రేడియేటరులో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెటు. రింగులు కొత్తవే అయినా అరిగిపోయి ఉంటే ఎయిర్ ఫిల్టరు నుంచి టర్బో దాకా ఉన్న ప్రతి జాయింటును చూడాలి, ఎందుకంటే ఫిల్టరు తరువాత దూరిన దుమ్ము రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. టర్బో ఇంజను రింగు సందు మరీ తక్కువగా ఉంచితే వేడికి కొసలు రెండూ తాకి పిస్టన్ విరుగుతుంది. 86 మి.మీ. బోరుకు పై రింగులో 0.45 నుంచి 0.50 మి.మీ. ఉంచడం సాధారణం, అయితే పిస్టన్ తయారీదారు ఇచ్చిన అంకె ఉంటే అదే ప్రమాణం.

లక్షణం: గుంతల మీద క్షణకాలం ఇంజను కట్ అవడం

ఇంజను నడుస్తుండగా వైరింగును ఒక్కో చోట పట్టుకుని కదిపి చూడడం మొదటి పరీక్ష. ఫలితం లేకపోతే ఈసీయూలో ట్రిగ్గరు (క్రాంకు స్థానం తెలిపే సంకేతం) లోపాల లెక్క పెరుగుతోందేమో చూసి, క్రాంక్ సెన్సరు బ్రాకెట్టు బిగింపును, పంటి చక్రానికి దాని మధ్య సందును కొలవాలి. బ్రాకెట్టు సన్నటి రేకుతో చేసినదైతే బిగించి వదిలేయకుండా మందపాటిది చేయించి మార్చాలి.